పోపులపెట్టెలోని రాళ్ళు



రత్నములన్న స్త్రీలకు మక్కువ యెక్కువయని పురుషులు మనలను బరిహసించుట పరిపాటి. ఆ పరిహాసమునకు నేనును బాత్రురాలనే. కాని నా రాళ్ళలో నొక్కటియు నుంగరమున కెక్కలేదు, హారమున గూర్పబడలేదు. అవి యన్నియు మా యత్తగారు వాడి విడిచిన పాత కొయ్య పోపులపెట్టెలో నున్నవి. ఆవాలును, మెంతులును, జీలకఱ్ఱయు నుండవలసిన గిన్నెలలో నలుపు, ఆకుపచ్చ, గులాబి వన్నెల రాళ్ళనుజూచి మా యింటికి వచ్చినవారు ముక్కుపై వ్రేలిడుకొందురు. "వీటి ఖరీదెంత?" అని యొకరును, "ఏ గ్రహానికి శాంతి?" అని యొకరును నడుగుదురు. తగిన యుత్తరమియ్యనేరక యిన్నాళ్ళు నవ్వి యూరకుంటిని. ఆ పెట్టెలో నొక గాజుముక్కయు గలదు. దాని కథ చెప్పక తక్కినవాని కథ చెప్పుట సత్యము కాదు గనుక, నేడు రెండును విన్నవించుకొందును.

నేను బుట్టినది రేపల్లె, మెట్టినది తెనాలి. నడుమ మా వారి యుపాధ్యాయ వృత్తినిబట్టి నాలుగేండ్లు బాపట్లలో గాపురముంటిమి. ఈ మూడూళ్ళును గృష్ణానది తెచ్చి పోసిన యొండ్రుమట్టిమీదను, సముద్రము వెనుకకు జరిగి విడిచిన యిసుకమీదను నిలిచినవి. నూయి త్రవ్వినను, కాలువ త్రవ్వినను నల్లమట్టియు నిసుకయు నీరును దక్క రాయి తగులదు. చేనిలో గాకిని దోలుటకు బిల్లవాడు మట్టిబెడ్డనే విసరవలెను. కావున మా సీమలో గంటబడిన ప్రతి రాయియు నెక్కడినుండియో వచ్చిన యతిథియే. ఏరు తెచ్చినదో, రైలుకట్టకై బండ్లమీద వచ్చినదో, ఎవరి మూటలోనో దాగి వచ్చినదో! కొండసీమవారికి రాతియం దలక్ష్యముండవచ్చును, మాకు లేదు.

మా మాతామహులు రేపల్లెలో వైద్యము చేయుచుండిరి. నా చదువంతయు వారి వసారాలోనే జరిగినది. కావ్యపాఠము ముగిసిన పిమ్మట నొక్కొక్కనాడు వారు రసశాస్త్ర గ్రంథములను గూడ విప్పి వినిపించెడివారు. రసరత్నసముచ్చయమను గ్రంథమున మహారసములని యెనిమిదింటిని జెప్పిరి. అందు మొదటిది అభ్రకము, అనగా మన కాకిబంగారము. రెండవది వైక్రాంతము. దుర్గాదేవి మహిషాసురుని శూలమున బొడిచినప్పుడు వాని నెత్తుటి బొట్టులు పడినచోట నెల్ల వజ్రమువంటి యీ వైక్రాంతము పుట్టెనట! దానికి మూలలును బలకలును గలవనియు, నునుపును బరువును గలదనియు, తెలుపు, ఎఱుపు, పసుపు, నీలము, పావురాయివన్నె, చామనిచాయ, నలుపు, చిత్రవర్ణము అని యెనిమిది విధములనియు నా గ్రంథము చెప్పుచున్నది. ఆ యెనిమిదవదానికే కర్బురమని పేరు.

"తాతయ్యా, ఒక్క రాయిలోనే అన్ని రంగులుంటాయా? మీరు చూశారా?" అని యడిగితిని. అప్పుడు నాకు బదియేండ్లు.

ఆయన మందులపెట్టె తెఱచి వ్రేలెడు పొడవున నల్లగా, నిలువుగీతలతో నున్న రాతికణిక నొకదానిని దీసి నా చేతిలో బెట్టిరి. "ఇది గూడూరు గనులనుంచి ఒక రోగి తెచ్చి ఇచ్చాడు. నల్లనిది చూశాను. కర్బురం మాత్రం చదివానే కాని చూడలేదమ్మడూ!" అనిరి.

వైక్రాంతమును గాల్చి కాల్చి యులవల కషాయములో ముంచి శుద్ధిచేసి, గంధకముతోను నిమ్మరసముతోను నూఱి యెనిమిది పుటములు పెట్టి భస్మము చేయుట శాస్త్రవిధి. ఆ నల్లరాయికిని నదే గతి పట్టవలసియుండెను. ఆయన యేల మానుకొనిరో నే నెఱుగను. వారి యనంతర మా రాయి నా పాలబడినది. (ఇట్టి భస్మముల నింటిలో జేయ బ్రయత్నించుట ప్రాణాపాయకరమని చదువరులు మఱువరాదు.) పుస్తకములో జదివినదానిని గంటితో జూడకయే యొక పండితుని జీవితము ముగిసెనను విచారము మాత్రము నాకు రాయితోబాటు సంక్రమించినది.

వైక్రాంతమనగా నేదియో యను విషయమున బండితుల కేకాభిప్రాయము లేదు. పెక్కుమంది దానిని దోరమల్లి యందురు. ఇంగ్లీషువారి టూర్మలీను ఇదియే. ఆ పేరును సింహళభాషలోనుండి పాశ్చాత్యులకు సంక్రమించినదే. నా మటుకు నాకు దోరమల్లి యను పక్షమే రుచించుచున్నది. దానికి గారణము గూడ జెప్పెదను. గూడూరు ప్రాంతపు గనులలో గాకిబంగారము పలకలు పలకలుగా దొరకు రాతిసిరలలోనే యీ నల్లని తోరమల్లియు దొరకును. గ్రంథకర్త యభ్రకము ప్రక్కనే వైక్రాంతమును జెప్పినాడు. భూమియు వానిని బ్రక్కప్రక్కనే యుంచినది. ఇది ఋజువు కాకపోవచ్చును. అయినను రసవైద్యులు రాళ్ళకొఱకు గనులకు బోయి చూచినవారేకాని, పీటమీద గూర్చుండి కల్పించినవారు కారని నాకు దోచును.

ఇక దాని పుట్టుక వినుడు. భూగర్భమున గరగియున్న శిల మెల్లగా జల్లారి గట్టిపడునప్పుడు, కడపట మిగిలిన రసములో నీటియావిరియు, బోరాను మొదలగు నరుదైన ధాతువులును జేరును. బోరాను మనకు దెలియనిది కాదు; కంసాలి నగలతుకునప్పుడు వాడు వెలిగారములో నున్నది యదియే. ఆ కడపటి రసము బీటలలో జొచ్చి నిదానముగా ఘనీభవించినప్పుడు దోరమల్లి కణికలు పెరుగును. అడ్డముగా గోసి చూచినచో నవి ఉబ్బిన ముక్కోణమువలె గనబడును, ప్రక్కలయందు నిలువుచారలుండును. రసములో నినుము మెండైనచో నలుపు. తక్కువపాళ్ళలో నున్నచో నాకుపచ్చయో నీలమో. మాంగనీసు చేరినచో గులాబివన్నె. కణిక పెరుగుచుండగనే చుట్టునున్న రసము మాఱినచో, రంగును మాఱును. అందుచేత నొకే కణిక మొదట నొక వన్నె, నడుమ నొక వన్నె, కొనయందు వేఱొక వన్నె గలదై యుండును. కొన్నింట లోపల గులాబియు, బైన నాకుపచ్చయునై కోసిన పుచ్చకాయవలె నుండును. పాశ్చాత్యులును దానికి బుచ్చకాయ పేరే పెట్టిరి. మడగాస్కరు ద్వీపపు గణికలను బలుచని బిళ్ళలుగా గోసినప్పుడు ముక్కోణములో ముక్కోణముగా, నడుమ మూడు రేకుల చుక్కతో, మన వాకిట ముగ్గువలె గనబడును. ఆ జాతికి 1977లో అమెరికా రత్నశాస్త్రజ్ఞుడగు రిచర్డు లిడికోటు పేరిట నామకరణము జరిగినది.

చీనాదేశపు రాజమాత సీషీకి గులాబి తోరమల్లి మీద మిక్కిలి మక్కువ. ఆమెకొఱకు అమెరికాలోని కాలిఫోర్నియా గనులనుండి యోడలమీద దెప్పించెడివారు. 1908లో నామె మరణించెను. కొలది సంవత్సరములకే రాజ్యమును బోయెను. దానితో నా గనుల బేరమును జెడిపోయినది. 1777లో స్వీడను రాజు గుస్తావు రష్యారాణి కాతెరీనుకు గానుకయిచ్చిన గొప్ప కెంపును జిరకాలము కెంపనియే లోకము నమ్మినది. తుదకు బరీక్షింపగా నదియు నెఱ్ఱతోరమల్లియే. రాణులంతటివారే పోల్చుకొనలేకపోయిరను నీ సంగతి నా కొక సమయమున నోదార్పైనది. ఆ సమయ మెట్టిదో చెప్పుచున్నాను.

మేము బాపట్లలో నున్న దినములవి. ఆదివారములందు సూర్యలంక తీరమునకు బోయెడివారము. అలలు వెనుకకు దీసిన చోట తెల్లయిసుకమీద నల్లని చారలును, వానిలో నెఱ్ఱని రవ్వలును మెఱయుచుండును. ఆ నల్లనిది యినుము, టైటానియము గల బరువైన యిసుకయనియు, ఎఱ్ఱరవ్వలు గోమేదికజాతి వనియు మా వారు చెప్పిరి. పిడికెడు తెచ్చి పోపులపెట్టెలోని యొక గిన్నెలో బోసితిని. నా సేకరణ యిట్లారంభమైనది. తరువాత మెల్లమెల్లగా దపాలో దెప్పించుకొనియు, తెలిసినవారి నడిగియు నొక గోధుమవన్నె సింహళపు రాతిని, ఒక యాకుపచ్చదానిని, ఒక గులాబి రేకను సంపాదించితిని. అవి యేవియు నూఱురూపాయలను మించిన వెలగలవి కావు. కాని కర్బురము లేదు.

ఆ దినములలో నొక వర్తకుడు, ఏయూరివాడో చెప్పబనిలేదు, వ్రేలంత కణికను జూపెను. ఒక కొన ఆకుపచ్చ, నడుమ తెలుపు, రెండవకొన గులాబి! నా గుండె యాగినంత పనియైనది. వెల యాఱువేల రూపాయలు. సాయంకాలమునకే యూరు విడిచిపోవుదు ననెను. నా చేత నంత సొమ్ము లేదు. మా యత్తగారు కాశీయాత్రకై కూడబెట్టి నా పెట్టెలో దాచుమని యిచ్చిన పైకము మాత్రమున్నది. మా వారు బడిలో నుండిరి. అత్తగారు భావనారాయణస్వామి కోవెలకు వెళ్ళియుండిరి. అడుగుటకు వ్యవధి లేదని నా మనస్సునకు నేనే చెప్పుకొంటిని. నిజమేమనగా, అడిగినచో వలదందురేమో యని భయపడితిని. సొమ్ము తీసి యిచ్చితిని.

నాలుగుదినములు దాని నెవరికిని జూపలేదు. తాతయ్య చూడని దానిని నేను జూచితినని మురిసితిని. అయిదవనాడు, తోరమల్లిని వేడిచేసినచో బూడిద నాకర్షించునని యొక పుస్తకములో జదివితిని. అందున్న చరిత్ర నా కాశ్చర్యము గొలిపినది. 1703 ప్రాంతమున డచ్చి వర్తకులు సింహళమునుండి యీ రాళ్ళను దమ దేశమునకు గొనిపోయిరట. వెచ్చబడిన రాయి బూడిద రేణువులను లాగుకొని మరల విడుచుటను జూచి దానికి "బూడిదను లాగునది" యని పేరుపెట్టి, పొగాకు పీల్చు గొట్టములలోని బూడిదను దీయుటకు వాడుకొనిరట! 1756లో ఏపీనసను శాస్త్రజ్ఞుడు దీని కారణమును దెలిపెను. వేడిచేసినప్పుడు కణికయొక్క ఒక కొనయందు ధనవిద్యుత్తును, రెండవ కొనయందు ఋణవిద్యుత్తును బుట్టును. చల్లారునప్పుడు కొనలు తాఱుమాఱగును. ఆ డచ్చివారు మనకు గ్రొత్తవారు కారు. రేపల్లెకు దాపుననున్న నిజాంపట్టణమున 1606లోనే వారు వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. మా తీరమున జీరలకు బేరమాడిన కంపెనీవారే పిమ్మట సింహళమున నీ రాళ్ళకును బేరమాడిరి.

బూడిద మన యింట గొదువయా! తాతయ్య నల్లరాతిని, నా క్రొత్తకణికను బ్రక్కప్రక్కన నినుపపెనముమీద మెల్లగా వెచ్చజేసి బూడిదమీద బట్టితిని. రెండును గదలలేదు. అది సముద్రపుగాలి తడి యధికముగా నున్న సాయంకాలము. అట్టి వేళ విద్యుత్తు నిలువదని మా వారు పాఠము చెప్పగా వినియుంటిని. నల్లదియు లాగలేదు గదా యని సంతోషించితిని. పదిదినములు ఆ సంతోషముతోనే కాలము గడపితిని. ఒకనాడు మధ్యాహ్నము పొడిగాలి వీచుచుండగా మరల బట్టితిని. తాతయ్య నల్లరాయి కొనకు బూడిద రేణువులు సన్నని మీసమువలె నంటుకొన్నవి. మూడువన్నెల కణికకు నొక్క రేణువును నంటలేదు. భూతద్దమున జూడగా లోపల నూదిమొనలంతటి గుండ్రని గాలిబుడగలు కనబడినవి. భూమిలో బెరిగిన కణికలో నట్టి బుడగలుండవు. కరగించి పోసిన గాజులో నుండును.

ఆ రాత్రి నాకు నిద్రలేదు. వర్తకుడు నన్ను మోసగించెను, నిజమే. నే నెవరిని మోసగించితిని? వాని మోసమునకు వాడు గాజును వాడెను. నా మోసమునకు నేను మా యత్తగారి నమ్మకమును వాడితిని.

మఱునా డుదయము ఆమె చేటలో శనగపప్పు బాగుచేయుచుండగా బోయి యంతయు జెప్పితిని. ఆమె చేయి యాగలేదు. పప్పంతయు ముగిసిన పిమ్మట తలయెత్తి యిట్లనెను:

"డబ్బు పోతే పోయింది. నన్ను అడగకుండా తీశావు చూడు, అదే గుచ్చుకుంది."

నేను వెక్కివెక్కి యేడ్చితిని. ఆమె యోదార్పలేదు. కొంతసేపటికి, "ఆ గాజుముక్క పారెయ్యకు అమ్మాయ్. ఆ పెట్టెలోనే పెట్టు. తెరిచినప్పుడల్లా కనపడాలి" అనెను.

మా వారును గోపింపలేదు. "సాయంకాలము పిల్లలకు సంస్కృతము చెప్పరాదా?" అని మాత్రమనిరి. అయిదుగురు పిల్లలు చేరిరి. పదునొకండు నెలలలో నాఱువేలును దీర్చితిని. అత్తగారు లెక్కచూచుకొని, కొంగున ముడివైచుకొని, మరల నా చేతికే యిచ్చి, "పెట్టెలో పెట్టు" అనిరి. ఆ మాట విన్ననాడు నాకు గలిగిన సంతోషమును, ఆ పిమ్మట నే రాతిని జూచినను నేను బొందలేదు.

ఆ మఱుసటి సంవత్సరము మేము తెనాలికి వచ్చితిమి. అత్తగారి కంటిపరీక్షకై హైదరాబాదు వెళ్ళవలసివచ్చినది. పని ముగిసిన వెనుక నామెయే, "ఆ రంగుల రాయేదో నేనూ చూస్తాను, పద" అని నన్నొక రత్నముల దుకాణమునకు దీసికొనిపోయినది. వర్తకుడు బొటనవ్రేలి గోరంత బిళ్ళను జూపెను: అంచున నాకుపచ్చ, దానిలోపల సన్నని తెల్లని గీత, నడుమ గులాబి. నేను నోరుమెదపకుంటిని. మా యత్తగారు సంచిలోనుండి విభూతిపొట్లము దీసి, "బాబూ, దీన్ని కాస్త వెచ్చచేసి ఇందులో పెట్టు" అనెను. అతడు నవ్వి, దీపముక్రింద వెచ్చజేసి పట్టెను. విభూతి రేణువు లంచున నంటుకొన్నవి.

"మంచిదే అమ్మాయ్. విభూతి పెట్టుకుంది" అనెను మా యత్తగారు.

బూడిద పరీక్ష యొక్కటియే చాలదు. గాజును గుడ్డతో రుద్దినను బూడిదను లాగును. వేడి యెక్కువైనచో మంచి రాయియు బగులును. కావున గోరువెచ్చదనమును మించనీయరాదు. అతడు వెలుతురు వంగు పరిమాణమును గొలుచు యంత్రమునగూడ బెట్టి చూపి, పరీక్షాశాల పత్రము నిచ్చెను. వెల పదునెనిమిదివందలు. ఈసారి సొమ్ము నాది, అడిగినది యత్తగారిని. రాళ్ళు కూర్ప దలచు సోదరీమణులకు నా సలహాయు నింతే: నేడే ఊరు విడిచిపోవుదునను వర్తకునివద్ద గొనవలదు, పత్రము లేనిదానికి గొప్పవెల యియ్యవలదు, ఇంటివారి కెవరికిని జెప్పలేని కొనుగోలు చేయవలదు.

తెనాలినుండి రేపల్లెకు రైలులో బోవునప్పుడు నడుమ భట్టిప్రోలు వచ్చును. అచ్చటి బౌద్ధస్తూపమును 1892లో అలెగ్జాండరు రీ యనునతడు త్రవ్వింపగా రాతి భరిణెలును, వానిలో స్ఫటికపు భరిణెయు, అస్థిధాతువులతోబాటు బంగారుపూవులును, ముత్యములును, పూసలును బయల్పడినవి. రెండువేల యేండ్లకు బూర్వము మన సీమవారు తమకు బ్రియమైన రాళ్ళను ధరించుటకుగాక, అమ్ముటకుగాక, మరల జూచుకొనుటకైనను గాక యచ్చట నుంచి మూతవేసిరి. భరిణెలపై బేర్లును జెక్కించిరి. రాయి పుట్టని దేశములో రాయి యొక మ్రొక్కుబడి యైనదని నాకు దోచును.

మొన్న తాతయ్య యాబ్దికమునకు రేపల్లె వెళ్ళునప్పు డా బిళ్ళను గొంగున ముడివైచుకొని పోయితిని. కార్యక్రమము ముగిసినపిమ్మట వారి పాత పుస్తకమును దెఱచి, మహారసములున్న పుటను వెదకి, దానిమీద నుంచితిని. కిటికీవెలుతురు బిళ్ళగుండ పోయి కాగితముమీద గులాబివన్నెగా బడినది. కొంతసేపు చూచి, మరల ముడివైచుకొని వచ్చితిని.

ఇప్పు డది పోపులపెట్టెలో దన గిన్నెలో నున్నది. ప్రక్కగిన్నెలో గాజుముక్క యున్నది; దూరమునుండి చూచినవారికి గాజే మిన్నగా గనబడును. మా యింటికి వచ్చిన సోదరీమణులకు నేను ముందుగా దానినే చూపుదును.